మామ పోతే రాని కన్నీళ్లు బాలు పోతే వచ్చాయని ఎత్తిపొడుస్తున్నారు

నల్లగొండ నుంచి ఒక చెల్లెలు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, వాడకట్టు పేరు రాయొద్దన్నారు. మొత్తం అచ్చువేస్తే నా జవాబుకు చోటుండదు కాబట్టి సంగతులు కుదించి ఇస్తున్నాను.

ఆమెకు యాభై రెండేళ్లు. పుట్టిల్లు దేవరకొండ దగ్గర పల్లె. వాళ్ల అన్న దేవరకొండలో పాటలు రికార్డు చేసి ఇచ్చే కాసెట్ల దుకాణం నడిపేవాడు. గిరాకులు కావలసిన పాటలు చీటీ మీద రాసుకొస్తే ఖాళీ కాసెట్‌లో నింపి ఇవ్వడం ఆయన పని. చెల్లెలి అక్షరాలు గుండ్రంగా ఉంటాయని, కాసెట్ పెట్టెలో పెట్టే అట్ట మీద పాటల పేర్లు రాసే పని ఆమెకు అప్పగించాడు. ఇంటర్ చదివిన రెండేళ్లు, ఆ తర్వాత పెళ్లయ్యేదాకా అదే పని. ఒక్కో పాట ఎన్నిసార్లు విన్నదీ లెక్క లేదట. బాలు ఏ చరణంలో ఎక్కడ ఊపిరి పీల్చుకుంటారో కూడా తెలుసంటారు. 1995లో నల్లగొండకు కోడలిగా వచ్చారు. ఎంపీ3 సీడీలు వచ్చాక అన్న దుకాణం మూతపడింది. ఆయన ఇప్పుడు హైదరాబాద్‌లో వాచ్‌మన్‌గా పనిచేస్తున్నారు. మిగిలిన నూట నలభై కాసెట్లు ఈమె ఇంటి సజ్జ మీదికి చేరాయి.

2018 చివర్లో మామగారికి పక్షవాతం వచ్చింది. పద్నాలుగు నెలలు మంచంలోనే. లేపడం, కడగడం, తినిపించడం అన్నీ ఈమే. 2020 ఫిబ్రవరిలో ఆయన పోయారు. ఆ రోజు ఈమెకు ఏడుపు రాలేదు. "కోడలు శోకం పెట్టలే" అన్న మాట మూడోనాడు పిట్టకు పెట్టేసరికే చుట్టాలందరికీ పాకింది. అదే ఏడాది సెప్టెంబరు 25న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పోయారు. టీవీ ముందు కూలబడి ఏడ్చారు. మూడు రోజులు అన్నం సయించలేదు.

2022లో ఆ సెప్టెంబరు 25నే పెత్రమాస, అంటే పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య వచ్చింది. పొద్దున మామగారి పేరు మీద బియ్యం, కూరగాయలు ఇచ్చారు. మధ్యాహ్నం వంటింట్లో ఫోన్‌లో బాలు పాట పెట్టుకుని కళ్లు తుడుచుకుంటుంటే అత్తగారు చూశారు. "నా మొగడు పోయిననాడు రాని కన్నీళ్లు సినిమాల పాడెటోనికి వచ్చినయా" అన్నారు. సాయంత్రం వాకిట్లో ఎంగిలిపూల బతుకమ్మకు ఈమె పాట ఎత్తుకుంటే, అదే అత్తగారు పక్కింటివాళ్లతో "మా కోడలు గొంతే గొంతు" అన్నారట. ఆ ఎత్తిపొడుపు మాత్రం నాలుగేళ్లుగా నడుస్తూనే ఉంది. భర్త కల్పించుకోరు. "పాడేటోళ్లు పోతే మనకేంది, మన ఇంట్ల వాళ్లా" అంటారు.

ఇప్పుడు కొత్త చిక్కు. ఊళ్లో పాటలంటే ఇష్టమున్న కొందరు ఏటా బాలు వర్ధంతికి పాటల సాయంత్రం పెడుతున్నారు. ఈసారి 25న వినాయక నిమజ్జనం కాబట్టి 27 ఆదివారానికి మార్చారు. ఈమె బతుకమ్మ పాట విన్న ఒక టీచరమ్మ, వచ్చి ఒక పాట పాడమని అడిగింది. అదీ యుగళగీతం, రిటైరైన ఒక ఆఫీసరుతో కలిసి. ఇంట్లో గొడవ. పెద్దల దినాలు మొదలయ్యాక స్టేజీ ఎక్కుడేందని అత్తగారు, పరాయి మొగవాడితో ఆ పాటలేందని భర్త. దీనికితోడు స్లాబు కారుతోంది, రిపేరు చేయించాలి, సజ్జ మీది కాసెట్లు తీసి పాత సామాన్ల బండికి వేసెయ్యమంటున్నారు. ఈమె రాత్రి ఒంటిగంట దాకా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మేలుకుంటున్నారు. బాలు తర్వాత సిరివెన్నెల, వాణీ జయరాం, రాజ్‌కోటిలో రాజ్ ఒకరి వెనుక ఒకరు పోయారు. ఫోన్‌లో పాత గాయకుల ఫొటో కనబడితే చాలు, గుండె దడ పుడుతోందట.

"నేను రాతిమనిషినా? స్టేజీ ఎక్కాలా వద్దా? ఆ కాసెట్లు ఏం చెయ్యాలి?" ఇవీ ఆమె అడిగినవి.

చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ బాధ కనిపించింది. రెండోసారి మీరు ఆగకుండా రాసుకుపోయిన రెండు వాక్యాలు కనిపించాయి. నా జవాబు వాటి నుంచే మొదలవుతుంది.

మొదటిది ఆరో పేజీలో ఉంది. "మామకు తానం చేయించేటప్పుడు ఫోన్‌ల పాటలు పెట్టేదాన్ని, మాట పడిపోయినా పాట ఆగితే చెయ్యి ఊపేవాడు." అంత రాసి, వెంటనే స్లాబు రిపేరు ఖర్చులోకి వెళ్లిపోయారు. అక్కడ కాసేపు నిలబడండి. పద్నాలుగు నెలలు ఆ గదిలో మీరిద్దరే. ఒకరికి మాట లేదు, ఒకరికి తీరిక లేదు. మధ్యలో మాట్లాడింది బాలు గొంతే. ఆ గొంతు ఆగిపోయిందని టీవీ చెప్పిననాడు మీకు కళ్లలో నీళ్లు తిరిగితే, అందులో బాలు వాటా ఎంత, మామ వాటా ఎంత అని ఎవరు విడదీసి చెప్పగలరు? మీ అత్తమ్మే కాదు, మీరు కూడా చెప్పలేరు.

ఇంకో సంగతి. బాలు 2020 ఆగస్టు 5న ఆసుపత్రిలో చేరారు. కొద్ది రోజులకే పరిస్థితి విషమించింది. వెంటిలేటరు, ఊపిరితిత్తుల పని చేసే ఎక్మో యంత్రం, రోజుకో బులెటిను. తగ్గుతోందని ఒకనాడు, లేదని ఒకనాడు. యాభై రోజులకు పైగా జనం అలాగే ఎదురుచూశారు. మీకు మాత్రం అది అప్పటికే తెలిసిన కథ. ఒక మంచం, అటూ ఇటూ కాని ఊపిరి, పొద్దున లేవగానే "ఎట్లుంది" అన్న మాట. మామగారు పోయి ఏడు నెలలన్నా నిండకముందే మీరు అదే కాపలా రెండోసారి కాశారు, ఈసారి దూరం నుంచి. ఆ కాపలాలో చెయ్యడానికి మీ చేతికి పనేమీ లేదు. పని లేని చోటే ఏడుపుకు వీలు చిక్కుతుంది.

మామగారు పోయిననాడు మీకు ఏడుపు రాకపోవడంలో వింతేమీ లేదు. ఏళ్ల తరబడి మంచాన పడ్డవాళ్లకు చేసిన కోడళ్లను, కూతుళ్లను అడగండి. ఆఖరి రోజు వాళ్లకు ముందుగా వచ్చేది అలసట. దాని వెనుక "అబ్బ, ఇక ఆయనకు నొప్పి లేదు" అనే తేలిక. ఆ తేలిక వచ్చినందుకు తప్పు చేసినట్టు అనిపించడం ఆ తర్వాత. మా నాన్న పోయిననాడు నేను వచ్చినవాళ్లందరికీ చాయ్‌కి పాలు సరిపోతాయా అని లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. నాలుగు నెలల తర్వాత మహబూబ్‌నగర్‌లో బీరకాయలు ఏరుతుంటే ఉన్నట్టుండి ఏడుపు తన్నుకొచ్చింది. కూరగాయలమ్మే ఆమె, పాపం, ధర తగ్గించింది.

మన వైపు చావింట్లో ఏడుపు ఒట్టి ఏడుపు కాదు కదా. పోయినవాళ్ల మంచితనం, వాళ్లు చేసిన మేళ్లు రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు ఆడవాళ్లు. అది పాటే. ఎవరు ఎంత శోకం పెట్టారన్నది పదకొండో రోజు దాకా చెప్పుకుంటారు. ఊరు కోడలి చేతులను చూడదు, గొంతునే వింటుంది. పాటకు పేరుపడ్డ మీ నోట ఆ రోజు రాగం రాకపోయేసరికి అందరికీ మరింత కొట్టొచ్చినట్టు కనిపించింది. పద్నాలుగు నెలలు చేతులతో చేసింది మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు. నాకు కోపం తెప్పించింది ఇదే. మిమ్మల్ని రాతిమనిషి అనడానికి మాత్రం నాకు ఎక్కడా కారణం దొరకలేదు.

ఎప్పుడూ కలవని మనిషి కోసం ఇంత ఏడుపేంటని మీవాళ్లు అడుగుతున్నారు. బాలు మొదటి సినిమా పాట పాడింది 1966 డిసెంబరులో. మీరు పుట్టింది ఆ తర్వాతే. ఆ గొంతు లేని రోజు మీ బతుకులో ఒక్కటీ లేదు. మనిషికి పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య జరిగినవే పెద్దయ్యాక ఎక్కువ గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. మీకు ఆ వయసులో మంచి రోజులు దేవరకొండ దుకాణంలో బల్ల వెనకాల, చేతిలో పెన్నుతో, అట్ట మీద అక్షరాలు దిద్దుతూ గడిచాయి. గిరాకులు మిమ్మల్ని పేరుతో పిలిచిన చోటు అది. పెళ్లయ్యాక మీరు ఫలానావాళ్ల కోడలు, ఫలానా అబ్బాయి అమ్మ. బాలుతో పాటు ఆ దుకాణం కూడా రెండోసారి మూతపడింది.

ఇక మీ రెండో వాక్యం. "గద్దర్ పోయిననాడు మా ఆయన పొద్దున్నే బస్సెక్కి ఎల్బీ స్టేడియం పోయిండు, రెండు రోజులు ఎవరితో మాట్లాడలే." 2023 ఆగస్టులో. చెల్లెమ్మా, "పాడేటోళ్లు పోతే మనకేంది" అన్నది ఈయనేనా? అంతకు ముందు జూన్‌లో అమరచింత బిడ్డ సాయిచంద్ ముప్ఫైతొమ్మిదేళ్లకే పోయిననాడు, నిరుడు నవంబరులో అందెశ్రీ పోయిననాడు కూడా ఆయన ముభావంగానే ఉన్నారని రాశారు. అంటే మీ ఇంట్లో పాటగాళ్ల కోసం దుఃఖపడేవాళ్లు ఇద్దరు. ఆయన దుఃఖానికి స్టేడియం ఉంది, బస్సు ఉంది, తోడొచ్చిన స్నేహితులు ఉన్నారు. మీ దుఃఖానికి వంటిల్లు, చెవిలో ఇయర్‌ఫోను.

ఇది దొరికింది కదా అని గొడవలో ఆయన మీదికి విసరకండి. "మీరు ఏడ్వలేదా" అంటే "గద్దర్, సినిమా పాట ఒకటేనా" అంటారు. అక్కడి నుంచి ఎవరు గొప్ప అన్న పంచాయితీ మొదలై, అసలు మాట పక్కకు పోతుంది. ఏదో ఒక సాయంత్రం గొడవ లేనప్పుడు, గద్దర్ పాట మొదట ఎక్కడ విన్నారో అడగండి. ఏ ఊళ్లో, ఎవరితో కలిసి, ఎన్నేళ్లప్పుడు. ఆయన చెప్పుకుపోతారు. నల్లగొండ జిల్లాలో ఆ వయసు మొగవాళ్లకు ఈ ఒక్క ప్రశ్న చాలు, రాత్రి పది దాటిస్తారు. అయిపోయాక మీ దుకాణం కథ చెప్పండి. ముప్ఫై ఏళ్ల కాపురంలో అట్ట మీద రాసిన అక్షరాల సంగతి ఆయనకు ఎన్నడైనా చెప్పారా? ఉత్తరంలో చెప్పినట్టు లేదు.

అత్తమ్మ సంగతి వేరు. ఆవిడ మాట మొరటుదే, దాన్ని వెనకేసుకురాను. కానీ "నా మొగడు" అన్నారు చూడండి, అక్కడ ఆవిడ ఒంటరితనం ఉంది. తన మనిషిని ఈ ఇంట్లో అందరూ మరిచిపోతున్నారని, కోడలైతే మరిచిపోయిందనే ఆవిడ బెంగ. మీ దగ్గర దానికి జవాబు ఉంది, ఇన్నేళ్లూ ఇవ్వలేదు. పాట ఆగితే ఆయన చెయ్యి ఊపేవారని అత్తమ్మకు తెలుసా? తానం చేయించే వేళకు ఆవిడ పూజలోనో వంటలోనో ఉండి ఉంటారు. చెప్పండి. అయితే ఆవిడ దెప్పిన వెంటనే చెబితే "ఇప్పుడు కథలు చెప్తున్నవా" అనే ప్రమాదం ఉంది. ఈ ఏడాది పెత్రమాస అక్టోబరు 10న. బియ్యంలోకి కూరగాయలు సర్దేటప్పుడు, ఆయన పేరు ఎలాగూ నోటికి వస్తుంది కదా, అప్పుడు చెప్పండి. నమ్మకపోవచ్చు కూడా. మీరు చెప్పిన మాటైతే ఇంట్లో ఉండిపోతుంది.

స్టేజీ దగ్గరికి వద్దాం. నేను ఎక్కమనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఏ దారికి ఏం ఖర్చవుతుందో చెబుతాను, మీరు లెక్క చూసుకోండి.

పెద్దల దినాల్లో పాటేంది అన్న అభ్యంతరం ఉంది కదా, అది నిలబడేది కాదు. పెద్దలకు ఇచ్చే ఆఖరి రోజు, ఆ పెత్రమాస సాయంత్రమే మనం బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడతాం. పెద్దలకు అన్నం పెట్టిన పూట వాకిట్లో పాట పాడడం మన పద్ధతే. ఇది అత్తమ్మకు మీకంటే బాగా తెలుసు. నిజానికి ఆవిడ భయం తిథి గురించి కాదు, మైకు గురించి. వాకిట్లో పాడితే ఇంటి కోడలు, మైకు ముందు పాడితే అందరి నోట్లో పడే మనిషి. ఈ భయాన్ని వాదనతో తీయలేరు. ఆవిడను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెడితే కొంత తీరవచ్చు. మోకాళ్ల నొప్పులని రాశారు కాబట్టి ఆటోకు డబ్బులు చూసుకోండి.

యుగళగీతం మీద మీ ఆయనకున్న అభ్యంతరం నాకు నచ్చలేదు. కానీ మొదటిసారి మైకు ముందు నిలబడబోయే మనిషికి, పక్కన ముక్కూ ముఖం తెలియనివాళ్లతో యుగళగీతం సంగీతపరంగా కూడా తేలిక కాదు. వెనక మోగే వాద్యాల ట్రాకు ఆగదు, మీ మాట తప్పిపోతే పక్కన పాడేవారి మాట వచ్చేస్తుంది. ఒంటరి పాట ఇమ్మని టీచరమ్మను అడగండి. ఇస్తే సగం గొడవ దానంతట అదే సద్దుమణుగుతుంది. నష్టమల్లా, మీ ఆయన గీసిన గీతకు మీరు ఒప్పుకున్నట్టు అవుతుంది. వచ్చే ఏడు ఇంకో గీత గీస్తారు. అందుకే అడిగేటప్పుడు "మా ఇంట్లో వద్దంటున్నారు" అని కాకుండా "నాకు ఒంటరి పాట అలవాటు" అని అడగండి. అది అబద్ధం కాదు.

ఎవరినీ అడగకుండా వెళ్లి పాడి వచ్చే దారి కూడా ఉంది. యాభై రెండేళ్ల మనిషికి అనుమతి ఎందుకని నా కూతురి వయసు పిల్లలు అంటారు, న్యాయమే. కానీ మీ ఉత్తరాన్ని బట్టి మీరు ఆ రాత్రి ఇంటికొచ్చి ఆ మౌనాన్ని భరించే స్థితిలో ఇప్పుడు లేరనిపించింది. నేను తప్పు కావచ్చు. పైగా నల్లగొండలో ఆ వీడియో మీకంటే ముందే ఇంటికి చేరుతుంది.

ఈసారికి విని రావడం ఇంకో దారి. దాన్ని ఓటమి అనుకోకండి. ఆ గుంపులో మీ వయసువాళ్లు, మీలాగే బాలు పోయిననాడు ఎవరికీ చెప్పుకోలేక ఏడ్చినవాళ్లు ఉంటారు. వాళ్ల పక్కన ఒక సాయంత్రం కూర్చున్నా, ఏడ్చింది మీరొక్కరే కాదని మీ కళ్లకు కనిపిస్తుంది. కాకపోతే పక్కవాళ్లు పాడుతుంటే మీకు గొంతు దురద పెడుతుంది, ముందే చెబుతున్నా.

అసలు వెళ్లకుండా ఉంటే గొడవ ఉండదు, ఆ ఒంటిగంట మాత్రం అలాగే ఉంటుంది.

ఆ ఒంటిగంట గురించి ఒక మాట. పాటలు వింటూ మేలుకుంటున్నారా, నిద్ర రాక పాటలు పెట్టుకుంటున్నారా? రెండూ వేరు. ఈ వయసులో ముట్లు ఆగే రోజుల్లో చాలామంది ఆడవాళ్లకు నిద్ర చెదురుతుంది, ఒళ్లు వేడెక్కుతుంది, ఊరికే దడ వస్తుంది. ఆ దడను మీరు పోయిన పాటగాళ్ల ఖాతాలో వేస్తున్నారేమో. డాక్టరమ్మకు చూపించుకోండి, బీపీ, థైరాయిడ్ చూస్తారు. మనసే బరువుగా ఉంటే 14416కు ఫోన్ చేయవచ్చు. ప్రభుత్వం నడిపే టెలిమానస్ అది, తెలుగులో మాట్లాడతారు. ఫోన్‌లో ఆ మరణవార్తలు వచ్చే గ్రూపును రాత్రిపూట మ్యూట్ చేయండి. పోయినవాళ్ల వార్త పొద్దున చదివినా అదే వార్త.

ఆఖరుగా కాసెట్లు. ఇక్కడ మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది: నూట నలభై దాచకండి, మొత్తం పారెయ్యకండి కూడా. వాటిలోని సినిమా పాటల్లో ఎక్కువభాగం ఇప్పుడు ఫోన్‌లోనే ఇంతకంటే శుభ్రంగా దొరుకుతాయి. దొరకనివి రెండు రకాలు. మీరు రాసిన అట్టలు, ఇంటివాళ్ల గొంతులున్న కాసెట్లు. మీ పెళ్లిలో రికార్డు చేసిన కాసెట్ ఒకటి, బాబు చిన్నప్పటి మాటలున్నది ఒకటి ఉన్నాయని రాశారు కదా. వాటిని ముందు తీయండి. పెళ్లి కాసెట్‌లో మీ మామగారి గొంతు పడి ఉండవచ్చు. ఉందని మాట ఇవ్వను, అత్తమ్మకు ముందే ఆశ పెట్టకండి.

కారే స్లాబు కింద సజ్జ అంటే తేమ. టేపు మీద తెల్లటి బూజు పట్టిందేమో కాసెట్ మధ్యలో ఉండే చిన్న కిటికీలోంచి చూడండి. బూజున్నది టేప్‌రికార్డర్‌లో పెట్టొద్దు, హెడ్ పాడవుతుంది, తర్వాత పెట్టిన కాసెట్‌కూ అంటుకుంటుంది. బాగున్నవాటికి వీపున రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకులు విరిచెయ్యండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాతది చెరగదు. పెన్సిలు పెట్టి ఒకసారి తిప్పి, టేపు బిగుసుకుపోలేదని చూశాకే ప్లే చేయండి. టేప్‌రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపి రికార్డు చేసుకోవచ్చు, బాబు చేసిపెడతాడు. తొంభై నిమిషాల కాసెట్‌కు తొంభై నిమిషాలూ పడుతుంది, తొందర కుదరదు.

అన్నకు ఫోన్ చేయండి. టేపు తెగితే అతికించడం ఆయనకు వచ్చు కదా. డ్యూటీ లేని ఆదివారం ఏదో కనుక్కుని నల్లగొండ రమ్మనండి. ఆయన వచ్చేలోపు ఆ పెట్టెలు సజ్జ మీద నుంచి దించి, మంచం కింద కాకుండా గాలి తగిలే అలమరలో నిలువుగా పేర్చి పెట్టండి. మేస్త్రీ సోమవారం వస్తాడని రాశారు, కాబట్టి ఈ పని ఆదివారం లోపే.